నాలుగు ఆల్డరు కర్రలు

మోసా నది ఒడ్డు, ఆల్డరు చెట్ల వరస. మంచు కరిగే రోజులు. పొద్దు బారెడెక్కింది. చనిపోయిన సీమదొర భార్య ఇర్మిన్‌త్రూద, ఆమె పెద్దకొడుకు బెర్తార్.

"అది వద్దురా. ఎండుపుల్ల. విరిచేటప్పుడు పేడు లేచి కంట్లో పడుద్ది."

"పడితే పడనీ అమ్మా. వంశమే పోతుంటే కన్నొకటి మిగిలి ఏం చేసుకోను?"

"వంశం ఎక్కడికీ పోదు. నువ్వొక్కడివే పోతున్నావ్. పచ్చిది కొయ్యి. బొటనవేలంత లావు చాలు. ఇంకా లావైతే నెత్తి మీద పెట్టి విరవలేవు, జనం నవ్వుతారు."

"ఇప్పుడు నవ్వట్లేదా?"

"ఇప్పుడు చాటున నవ్వుతున్నారు. అక్కడైతే మొహం మీదే నవ్వుతారు. కొయ్యి."

"కోస్తే చూడు, ఎట్లా ఎర్రబడుతుందో. తెల్లగా ఉంటుంది, ఊపిరి తీసి వదిలేలోపల నెత్తురు రంగు."

"ఆల్డరంటే అంతేగా. ఇవాళ కొత్తగా చూస్తున్నావా? సరే, ఒకటయింది. ఇంకా మూడు."

"మూడెందుకూ. నేను రాను. ఆ దిబ్బ ఎక్కను."

"నిన్న సరేనన్నావ్."

"నిన్న నువ్వు ఏడ్చావ్. ఏడిస్తే సరేనన్నా. ఇప్పుడు ఏడవట్లేదుగా."

"ఏడవమంటే మళ్ళీ ఏడుస్తా, నాకేం కష్టం. ఏడుస్తూ కూచుంటే కర్రలు ఎవరు కోస్తారు? మధ్యాహ్నానికల్లా దిబ్బ దగ్గరుండాలి."

"అసలు నేనక్కడ ఏం చెయ్యాలో నువ్వొక్కసారి నీ నోటితో చెప్పమ్మా. చెప్పు. వింటా."

"తెలిసిందేగా."

"చెప్పవు. చెప్పలేవు. నే చెప్తా. తీర్పుల దిబ్బ మీద ఏడుగురు పెద్దల ముందు నిలబడి, నాలుగు కర్రలూ నా తల మీద విరిచి, నాలుగు దిక్కులకీ విసరాలి. నేను వాల్‌ఫ్రిద్ కొడుకుని కాను, నాకు తల్లి లేదు, తమ్ముడు లేడు, చెల్లెలు లేదు అని అరవాలి. ఎవడి ముందు? గుండో ముందు. మా నాన్నని పొడిచి మా నాన్న కుర్చీలో కూచున్నవాడి ముందు."

"మా అన్న ముందు."

"అవునమ్మా, మీ అన్న ముందు. నన్ను భుజాల మీద కూచోబెట్టుకుని ఇదే నది దాటించిన మేనమామ ముందు. చాలా?"

"అరవకు. అవతల ఒడ్డున గొర్రెలవాళ్ళున్నారు."

"విననీ! ఊరంతా విననీ! నేను బతికుండగా మా నాన్న రక్తానికి—"

"బతికుండగా ఏం చేశావురా?"

"ఏంటి?"

"మీ నాన్న పోయి ఎన్నాళ్ళయింది?"

"మార్టిన్ పండగ ముందు. పందులు కోసే వారం."

"నాలుగు నెలలు దాటింది. ఈ నాలుగు నెలల్లో నువ్వు ఏం చేశావో చెప్పనా? మీ నాన్న గొలుసు కవచానికి పంది కొవ్వు రాశావ్. ఆరనిచ్చి మళ్ళీ రాశావ్. ఈటెకి పదును పెట్టావ్. పొయ్యి దగ్గర కూచుని 'చంపుతా, చంపుతా' అని పనివాళ్ళకి చెప్పావ్. వాళ్ళు సరే దొరా అని బీరు పోశారు."

"అమ్మా!"

"మన గుమ్మానికి కదురు ఎవరు వేలాడదీశారు? ఉన్ని చుట్టి మరీ. వడుక్కో అని. ఎవరి కోసం? నా కోసమా?"

"దాన్ని నేను పొయ్యిలో పెట్టా."

"పెట్టావ్. మర్నాడు ఇంకోటి వేలాడింది."

"నాకు చేతులు లేక కాదు. నీకు తెలుసు. బిషప్ ఏమన్నాడో నీకు తెలుసు."

"ఏమన్నాడు?"

"వందసార్లు చెప్పా."

"ఇంకోసారి చెప్పు. ఆయన అన్న మాటలే చెప్పు, నీ సొంతం కలపకుండా."

"'నీ తల్లీ గుండో ఇద్దరూ ఒక్క కడుపున పుట్టారు. నీ తల్లి రక్తం నీ ఒంట్లో ఉన్నంతవరకూ ఆయన రక్తం నీ రక్తమే. దాన్ని నేల మీద పోస్తే నువ్వు తోడబుట్టినవాణ్ణి చంపిన కయీనువే. నీకు ప్రభువు అప్పం ఇవ్వను, చచ్చాక చర్చి గోడ లోపల గొయ్యి ఇవ్వను.' అదీ అన్నది. ఇక నన్నేం చెయ్యమంటావ్? పరాయివాడైతే ఈపాటికి—"

"పరాయివాడైతే."

"ఈపాటికి వాడి తల మన గుంజకి ఉండేది. నమ్మవా?"

"నమ్ముతా నాయనా. ఆ రెండోది కొయ్యి. ఆ వంగిన కొమ్మ కాదు, దాని పక్కది."

"నిన్నొకటి అడుగుతా. కోప్పడకు. నువ్వు నాన్న కోసం అసలు ఏడ్చావా? నేను చూళ్ళేదు."

"ఒళ్ళు కడిగింది ఎవరు?"

"నువ్వే."

"మా అన్న ఇంటికి చుట్టంగా వెళ్ళాడు. భోంచేశాడు. ఇంటికి బయల్దేరుతూ బూటు తొడుక్కోవడానికి వంగాడు. వంగిన వీపులో పొడిచారు. నా దగ్గరికి తెచ్చేటప్పటికి ఒక కాలికి బూటు ఉంది, ఒక కాలికి లేదు. ఆ రెండో బూటు కోసం మనిషిని పంపాను. మా వదిన ఏమందో తెలుసా? కుక్కపిల్ల కొరికేసింది, ఇంకో జత ఇవ్వనా అంది."

"నాకు చెప్పలేదే!"

"నువ్వు కవచానికి కొవ్వు రాస్తున్నావ్. మూడోది కొయ్యి."

"కోస్తున్నా, కోస్తున్నా. తొందరపెట్టకు. నేను విరిస్తే తమ్ముడు అన్సో సంగతేంటి? పగ వాడి మీదకి పోదూ? ఎనిమిదేళ్ళ పిల్లాడు."

"అది కూడా మాట్లాడాను. పోయి మా అన్న కాళ్ళ దగ్గర కూచున్నాను."

"కాళ్ళ దగ్గరా? సీమదొర పెళ్ళానివి..."

"సీమదొర పెళ్ళాన్నే. ఇప్పుడు సీమదొర చెల్లెల్ని. ఎటు చూసినా గొప్పదాన్నే కదా, కాళ్ళ దగ్గర కూచుంటే తరిగిపోతానా? ఆయన నవ్వాడు. 'నా చెల్లి ఏడుపు చూళ్ళేను. పెద్దవాణ్ణి కర్రలు విరవమను. వాడికీ నాకూ ఏమీ లేదని తేలిపోతే వాడి మానాన వాణ్ణి బతకనిస్తా. చిన్నవాడికి ఇంకా పాలపళ్ళన్నీ ఊడలేదు, వాడి సంగతి పదేళ్ళ తరవాత చూసుకుందాం' అన్నాడు. విరవకపోతే ఏం చేస్తాడో అది కూడా నవ్వుతూనే చెప్పాడు."

"ఏం చేస్తాట్ట?"

"ఈస్టర్ లోపల నిన్ను. నిన్ను పూడ్చాక అన్సోని. నీ చెల్లెలు బిలిహిల్దని వాళ్ళ గుర్రాల పెద్దకి ఇస్తాట్ట."

"ఆ ముక్కు లేనివాడికా?"

"ముక్కు లేదని నీకు బాధ. పిల్లకి పన్నెండేళ్ళని నాకు బాధ."

"సరే అమ్మా. విరిచాను అనుకో. తరవాత నేనేంటి? నాకు వాటా లేదు."

"అన్సోకి పోతుంది."

"నా మీద ఎవడన్నా నింద వేస్తే నా తరఫున ప్రమాణం చేసేవాడు ఉండడు."

"ఉండడు."

"ఎవడన్నా పొడిచి పారేస్తే ఎందుకు పొడిచావని అడిగేవాడు ఉండడు."

"ఉండడు."

"కాస్త అబద్ధమన్నా చెప్పమ్మా!"

"ఏం చెప్పను? నువ్వు అడిగేవన్నీ నిజాలే. అదుగో, ఇంగో తాత వస్తున్నాడు. గుక్క తిప్పుకోలేకపోతున్నాడు పాపం, మన కోసం దిబ్బ దిగి వచ్చాడు. ధర్మం చెప్పే పెద్ద. ఆయన ముందు మర్యాదగా ఉండు."

"దణ్ణం అమ్మగారూ. ఏం బాబూ. కోశారా? ఏవీ, చూపించండి. ఆఁ, బాగున్నాయి. ముప్పయ్యేళ్ళ కిందట ఒకడు తెలీక ఓకు కర్రలు తెచ్చాడు. ఒక్కటీ విరగలా. నెత్తి పగిలింది. జనం ఇంటికి మోసుకెళ్ళారు, పెళ్ళాం కట్టు కట్టింది, ఆ వంశంలోనే పడి ఉండి పిల్లల్ని కన్నాడు."

"అదృష్టవంతుడు తాతా."

"బాబు సరసానికి తక్కువేం లేదు! ఏదీ, మాటలు ఒకసారి అనండి. తప్పు పలికితే మళ్ళీ మొదట్నించీ. నేను చెప్తా, నా వెనక అనండి. 'ప్రమాణాల నుంచి తప్పుకున్నాను.'"

"ప్రమాణాల నుంచి తప్పుకున్నాను."

"'ఆస్తి నుంచి తప్పుకున్నాను.'"

"ఆస్తి నుంచి తప్పుకున్నాను."

"'రక్తం నుంచి తప్పుకున్నాను.'"

"తాతా, రక్తం నుంచి ఎట్లా తప్పుకుంటారు? ఒంట్లోనేగా ఉంది?"

"అదంతా నన్నడక్కండి. మా తాతల కాలం నుంచి అంటున్నారు, తప్పుకుంటున్నారు. కర్ర విరిగితే తెగినట్టే."

"ఇంగో, ఒక మాట. తెగేది తండ్రి వైపేనా? నా వైపు కూడానా?"

"రెండు వైపులా తల్లీ. కర్రకి తండ్రి వైపు, తల్లి వైపు ఏముంటుంది? మీకూ ఈయన ఏమీ కారు. కష్టమే. కన్నతల్లికి కష్టమే."

"నా వాళ్ళకి కూడా ఏమీ కాడు."

"మీకే కానప్పుడు మీ వాళ్ళకి ఎక్కణ్ణుంచి అవుతారు?"

"ఇప్పుడూ, వీడు ఎక్కడికో పోతాడు. బతకడానికి ఏదో చేస్తాడు. పంది దొంగిలించాడనుకో. ఆ పందివాళ్ళు మా ఇంటి మీదకి వస్తారా?"

"మీ దొడ్లో కోడి ఈక కూడా పీకలేరు."

"తాగి ఎవరినో కొట్టాడనుకో."

"కొట్టినా, చంపినా ఈయన పాపం ఈయనదే. మీ చిన్నబాబు మీద వేలు పెడితే ఏడుగురం ఒప్పుకోం. పెట్టినవాణ్ణే ఊళ్ళోంచి వెళ్ళగొడతాం, వాడెంత దొరైనా సరే. దాని మీదే కదా దిబ్బ నిలబడింది."

"దేవుడి మీద ఆన?"

"దేవుడి మీద ఆన తల్లీ. ఎంత కలత పడుతున్నారు! ఊరుకోండి. ఈయన ఎక్కడున్నా బతుకుతారు. నేను పోతున్నా, అప్పుడే జనం చేరారు. పీపాలు కూడా దించారు. నాలుగోది కాస్త సన్నంగా కొయ్యండి బాబూ. నాలుగోదాని దగ్గరికి వచ్చేటప్పటికి చేతులు వణుకుతాయి."

"చూశావా అమ్మా, పీపాలు దించారంట. నా కర్రలకి వాళ్ళు బీరు తాగుతారు."

"తాగనీ. మంచిదే."

"ఏం మంచిది?"

"తాగినవాళ్ళు త్వరగా మర్చిపోతారు. కూచో. ఈ రొట్టె తిను. జున్ను కూడా తెచ్చా. ఖాళీ కడుపుతో ఎక్కకు."

"నువ్వు తిను."

"నేను తిన్నా. తిను నాన్నా."

"అమ్మా."

"ఊఁ."

"నీకో సంగతి చెప్తా. ఎవరికీ చెప్పలేదు. కూచుని చెప్పలేను, నిలబడి చెప్తా. నువ్వు అటు చూడు."

"నది వైపు చూస్తున్నా. చెప్పు."

"బిషప్ దగ్గరికి నేను ఎప్పుడు పోయానో తెలుసా?"

"క్రిస్మస్ అయ్యాక."

"అయ్యాక మూడు వారాలకి. అంతకు ముందు ఒకరోజు... నది అంచులు గడ్డకట్టి ఉన్నాయి. రేవు దగ్గరున్నా. పైనున్న ముళ్ళపొదలో. చేతిలో నాన్న ఈటె. గుండో వచ్చాడు. ఇద్దరే మనుషులు వెంట, వాళ్ళు వెనకబడ్డారు. వాడు గుర్రం దిగి, మంచు మడమతో పగలగొట్టి, వంగి నీళ్ళు తాగాడు. వీపు నా వైపే. పది అడుగులు కూడా లేదు. నాన్న వంగినట్టే వంగాడమ్మా."

"ఊఁ."

"అప్పటికి నాకు బిషప్ లేడు, కయీనూ లేడు. ఏమీ అడ్డం లేదు. చెయ్యి లేవలేదు. భయమేసింది. వాడంటే కాదు. వాణ్ణి పొడిచాక వాడి కొడుకులు నన్ను వెతుకుతారే, దాక్కోవాలే, దొరికితే చంపుతారే, అది. నాకు చచ్చిపోవాలని లేదమ్మా. పొదలో కూచుని... లాగులోనే... నీకెందుకులే. వాడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, పాట పాడుకుంటూ పోయాడు. అప్పుడు పోయా బిషప్ దగ్గరికి. ఆయన ఏమంటాడో నాకు ముందే తెలుసు. అనిపించుకోవడానికే పోయా. ఆ మాట చాటున దాక్కోవచ్చని. ఇన్నాళ్ళూ దాక్కున్నా. ఏమన్నా అనమ్మా. తిట్టు."

"ఎందుకు తిడతాను?"

"మీ నాన్న కడుపున ఎట్లా పుట్టావురా అను."

"నా కడుపున పుట్టావ్. ఎట్లా పుట్టావో నాకు తెలుసు. రొట్టె తిను."

"నిజం చెప్పనా? నిన్న నువ్వు కర్రల మాట తెచ్చినప్పుడు పైకి గింజుకున్నా గానీ, లోపల... ఏదో బరువు దిగినట్టయింది. ఎవడికీ కొడుకుని కాకుండా ఉంటే ఎంత బావుణ్ణు! ఎవడి పగా నాది కాదు. దక్షిణానికి పోతా. అక్కడ మఠాల వాళ్ళకి గుర్రాలు బోలెడు, కాసేవాళ్ళు కావాలంట. గుర్రాల పని నాకు వచ్చు. పొద్దున్నే లేచి గడ్డి వేస్తా, గిట్టలు చూస్తా, రాత్రికి పడుకుంటా. పేరడిగితే ఏదో ఒకటి చెప్తా."

"మంచి బతుకే."

"కోపం లేదా?"

"లేదు."

"నాలుగోది కూడా కోసేశా చూడు. ఇంగో చెప్పినట్టు సన్నంగా. ఇంక గింజుకోను. నవ్వుతూ విరుస్తా. నువ్వు నా ప్రాణం కోసం వాడి కాళ్ళ దగ్గర కూచున్నావ్. ఆ మాట మర్చిపోతే నేను మనిషినే కాను. ఎప్పుడన్నా అటు నుంచి వ్యాపారస్తులు వస్తే నీకు కబురు పెడతా. పేరు చెప్పను, గుర్రం బొమ్మ గీసి పంపిస్తా. సరేనా?"

"తల ఇటు పెట్టు. జుట్టంతా పేళ్ళు. దువ్వనీ."

"మెల్లగా. అబ్బా!"

"చిన్నప్పుడు కూడా ఇంతే. దువ్వెన చూస్తే ఏడుపు. ఆ పొదలో కూచున్నప్పుడు నువ్వు రేవుకి కుడిపక్కన ఉన్నావా, ఎడమపక్కనా?"

"కుడిపక్కన. ఎందుకు?"

"కుడిపక్కన గాలి వెనక నుంచి వస్తుంది. నీ వాసన గుర్రానికి అందుతుంది. ఎడమపక్కన కూచోవాల్సింది."

"అమ్మా?"

"మర్నాడు చూశాను. మంచులో నీ బూటు జాడలు. గడ్డి తొక్కి ఉంది. ఇంకా ఏం ఉందో అది కూడా చూశాను. నీ లాగు ఉతికింది ఎవరనుకున్నావ్?"

"నీకు... నీకు అప్పట్నించే తెలుసా?"

"కదలకు, చిక్కుంది. మీ నాన్న ఈటె ఇంట్లో లేదు, వెతికావా?"

"లేదు. ఎందుకు? ఎక్కడుంది?"

"రేవు ఎడమపక్కన, విల్లో చెట్టు తొర్రలో. తెల్లవారకముందే నేను పెట్టొచ్చాను. దిబ్బ దగ్గర పని అయ్యాక మా అన్న ఆ దారినే ఇంటికి పోతాడు. కవచం వేసుకోడు. ఇక వేసుకోవాల్సిన పని లేదనుకుంటాడు, ఆయన నెత్తురు అడిగేవాడు సీమలో లేకుండా పోయాడు కదా. బీరు తాగి ఉంటాడు. ఒకరో ఇద్దరో వెంట ఉంటారు."

"అమ్మా, నువ్వేం మాట్లాడుతున్నావ్? ఆయన నీ అన్న!"

"నాకు అన్న. నా చేత్తో చెయ్యలేను, దేవుడొప్పుకోడు. అన్సో పెరిగి పెద్దయినా చెయ్యకూడదు, వాడికీ మేనమామే. కర్రలు విరిగాక నీకు మాత్రం ఏమీ కాడు. బిషప్ మాట నీకు తగలదు. నువ్వేం చేసినా అన్సో మీద వేలు పడదు, బిలిహిల్ద మీద పడదు, ఇంగో దేవుడి మీద ఆనేశాడు. విన్నావుగా."

"విన్నా... అంటే పంది దొంగిలిస్తే అని నువ్వు అడిగింది... అమ్మా, మరి నేను? వాడి కొడుకులు నన్ను ముక్కలు చేస్తారు. అడిగేవాడు కూడా ఉండడు. నేనిప్పుడేగా చెప్పా నీకు! నాకు భయమని చెప్పా! చచ్చిపోవాలని లేదని చెప్పా! నీ కొడుకునమ్మా నేను!"

"భయం నా కొడుక్కి. మధ్యాహ్నం నుంచి నువ్వు నా కొడుకువి కావుగా. పద, పొద్దెక్కుతోంది."